మరొక్క ప్రతి

జిరాక్సు దుకాణం పెద్దాయన పాడైన ప్రతిని ఏనాడూ చెత్తబుట్టలో వేయడు. నాలుగు ముక్కలుగా చింపి, నీళ్ల బక్కెట్టులో ముంచి, అక్షరం ఆనవాలు మిగలకుండా పిసుకుతాడు. "మనిషి పేరూ, పుట్టిన తేదీ ఉన్నాక అది కాగితం కాదయ్యా, వాళ్లింటి తాళంచెవి" అని నవ్వినవాళ్లను కసురుతాడు. గుర్తింపు కార్డు నకలు మీద అది ఏ పనికో అడ్డంగా రాయించనిదే ఎవరినీ గుమ్మం దిగనివ్వడు.

నిన్న మధ్యాహ్నం, బడిలో ఆయాగా చేసే అమ్మాయి కార్డు నకలు తీయించుకు వెళ్లిన కాసేపటికి ఒక ముప్పయ్యేళ్ల మనిషి రొప్పుతూ వచ్చాడు.

"ఇందాక వచ్చింది మా అక్కే. ఆ కాగితం దారిలో పోయింది. మీ మెషిన్‌లో ఇంకా ఉంటుందిగా, మరొక్కటి కొట్టండి."

"అక్కనే రమ్మను నాయనా."

"బడి వదిలి రాలేదు. గంటలో ఇవ్వకపోతే దాని ఉద్యోగం ఊడుతుంది. ఆ పాపం మీదే!"

పెద్దాయన యంత్రం వైపు తిరిగాడు. ఆ పిల్ల నోటికాడి కూడు తానే లాగేస్తున్నాడేమో! వేలు బొత్తాము దాకా వెళ్లి ఆగింది. అంతలో వచ్చినవాడు బల్ల మీదుగా చెయ్యి చాచి తానే నొక్కబోయాడు. పెద్దాయన చటుక్కున గోడమీది స్విచ్చి ఆపేశాడు. యంత్రంలో నిలిచిన పేజీ చెరిగిపోయింది.

"ముసలి పీనుగా!" అని తిట్టి అతను వెళ్లిపోయాడు.

తిట్టుకన్నా అనుమానమే పెద్దాయనను ఎక్కువగా తొలిచింది. బడి వదిలే వేళకు గేటు దగ్గర నిలబడి, జరిగింది చెప్పి, తప్పయితే మన్నించమన్నాడు. ఆయా తల వంచుకుంది.

"వాడు నిజంగా నా తమ్ముడే బాబాయ్. నిరుడు నా కార్డు నకలుతో ఫోన్ నంబర్లు తీసి, వాటితో ఎంతోమందిని ముంచిందీ వాడే. మా అమ్మకు మాత్రం చెప్పకండి."