గుట్టచెక్క మీద విమానాలు

నందిగామలో సతీష్‌బాబును అందరూ గేముల సతీష్ అనేవాళ్ళు. వెటకారంగానే. ముప్ఫై దాటి, పెళ్ళై, ఇంటర్నెట్ సెంటర్ నడుపుకునే మనిషి పొద్దస్తమానం విమానాల ఆట ముందు కూర్చుంటే ఊరు ఊరుకోదు. ఊరికి తెలియనిదేమిటంటే అతను దాన్ని ఆడేది చాలా తక్కువ. విప్పేవాడు, లోపల ఏదో మార్చేవాడు, మళ్ళీ మూసేవాడు. కొందరు పాత రేడియోలతో చేసినట్టు.

అది యుద్ధ విమానాల ఆట. రెండో ప్రపంచ యుద్ధం నాటివి. తయారుచేసినవాళ్ళు వదిలేసిన లోపాలను ఎక్కడెక్కడి దేశాలవాళ్ళో సరిచేస్తూ ఉండేవాళ్ళు. ఒకడు ఇంజను శబ్దం మార్చేవాడు. ఒకడు రెక్కలకు రంగులు దిద్దేవాడు. ఇంకొకడు ఏకంగా కొత్త దేశాన్నే తెచ్చి పెట్టేవాడు. చేసినదాన్ని నెట్‌లో ఊరికే పంచేవాళ్ళు. సతీష్ మొదట పట్టుకున్నది రెండు జతల రెక్కలున్న ఒక పాత విమానాన్ని. నిదానంగా తేలాల్సింది పోయి అది మలుపు తిరగగానే రాయిలా పడేది. బరువు, రెక్కల కొలత, ఇంజను బలం రాసి ఉన్న ఫైలు తెరిచి ఒక అంకె మార్చేవాడు. ఎగిరి చూసేవాడు. కూలేది. మళ్ళీ మార్చేవాడు. ఎన్ని నెలలకో అది గద్దలా గాలి మీద నిలబడింది. పోలండు నుంచి ఎవరో బాగుందని రాస్తే, నన్ను పిలిచి ఆ రెండు ముక్కలూ మూడుసార్లు చదివించుకున్నాడు.

చదివిపెట్టడం నా పని. బ్రాంచి లైబ్రరీ మూసేశాక నాకు వెళ్ళే చోటు ఆ సెంటరొక్కటే. ఇంగ్లీషు నాకూ అంతంతమాత్రమే. డిక్షనరీ పక్కన పెట్టుకుని కూర్చునే ఓపిక ఉంది. ఉద్యోగం లేనివాడికి ఓపిక తప్ప ఇంకేం ఉంటుంది.

సతీష్ వాళ్ళది జగ్గయ్యపేట అవతల, ముక్త్యాల వెళ్ళే రోడ్డుకు లోపలగా ఉన్న చిన్న ఊరు. వాళ్ళ నాన్న వెంకటరత్నం మెట్టరైతు. పత్తి, మిరప, కంది. తొంభై ఒకటిలో పోయాడు. ఆయన్ను వాళ్ళ గుట్టచెక్కలోనే, అంటే గుట్ట మీదున్న పొలం ముక్కలోనే పెట్టి, పైన చిన్న సమాధి కట్టారు. ఏటా ఆయన తిథి నాడు తల్లి రాఘవమ్మ గారు తెల్లవారే వెళ్ళి సమాధికి తన చేత్తో సున్నం వేసేది. మూడు చుట్లు తిరిగి, ఆకు వేసి, ఆయనకిష్టమైనవి వడ్డించి, కాకి ముట్టేదాకా ఎండలో నిలబడేది. కాకి ముట్టాకే ఇంటికొచ్చి తను మంచినీళ్ళు తాగేది.

ఆ గుట్ట కింద సున్నపురాయి ఉంది. చుట్టుపక్కల పొలాలన్నీ సిమెంటు ఫ్యాక్టరీకి అమ్ముడుపోయాయి. పత్తి వరసగా దెబ్బతింది. చివరికి తమ చెక్కకు వెళ్ళే బండిదారి కూడా లేకుండా పోయింది. తొంభై ఎనిమిదిలో సతీష్ కూడా సంతకం పెట్టాడు. ఫ్యాక్టరీవాళ్ళు మోసం చేశారని నేను రాయను. వాళ్ళు కొన్నారు, ఇతను అమ్మాడు, కాగితాల్లో సమాధి ఊసే లేదు. సమాధి జోలికెవరూ రారమ్మా అని తల్లికి చెప్పింది సతీషే. ఎవరూ చెప్పకుండా తనే అనుకుని, తనే నమ్మి చెప్పాడు. ఆ డబ్బుతో నందిగామలో కంప్యూటర్లు పెట్టాడు.

ఏడాది తిరక్కుండా క్వారీ గుట్టను తిని సమాధి దాకా వచ్చింది. ఆ రోజు రాఘవమ్మ గారు తమ పాత ఊళ్ళోనే, చుట్టాలింట్లో ఉంది. పేల్చే ముందు మోగించే సైరన్ ఆమె విన్నది. తరవాత లేచిన దుమ్ము చూసింది.

అప్పట్నుంచి కొడుకుతో మాట మానేసింది. నందిగామలో అతని ఇంట్లోనే ఉంటుంది, కానీ వసారాలో తన కిరసనాయిలు పొయ్యి వేరు, తన గిన్నె వేరు. ఒక ఇంట్లో రెండు పొయ్యిలు. చెప్పాల్సిందేమన్నా ఉంటే కోడలు భారతీదేవితో, "మీ ఆయనకు చెప్పు" అనేది. మీ ఆయన మూడడుగుల దూరంలో కూర్చుని ఉన్నా సరే.

రెండువేల నాలుగులో సతీష్ ఆ ఆటలో మన ప్రాంతాన్ని కట్టడం మొదలుపెట్టాడు. మునేరు నుంచి జగ్గయ్యపేట దాకా, కింద కృష్ణ వరకు. నాకు మొదట నవ్వొచ్చింది.

"జర్మనీవాళ్ళొచ్చి చిల్లకల్లు మీద బాంబులేస్తారా అన్నా?" అన్నాను.

అతను నవ్వలేదు. "గుట్టచెక్క పెడతా. అమ్మకు చూపిస్తా," అన్నాడు. ఆ ఒక్కటీ చూస్తే అమ్మ తమ పొయ్యి మీద అన్నం తింటుందని అతని నమ్మకం. ఎందుకు తింటుందో చెప్పలేడు. తింటుందంతే.

భూమి ఎత్తులు నెట్‌లో దొరికాయి. రెండు వేల సంవత్సరంలో అమెరికావాళ్ళు ఆకాశం నుంచి కొలిచి పెట్టినవి. వాటిని ఆటలోకి ఎక్కిస్తే హైవే పక్క మెరకలు, పాలేరు లోయ అన్నీ చక్కగా లేచాయి. గుట్ట మాత్రం లేవలేదు. కొలిచేనాటికే అది గుట్ట కాదు, గొయ్యి. సతీష్ ఆ గోతిని చేత్తో పూడ్చాడు. ఒక్కో గడిలో ఒక్కో అంకె పెంచుకుంటూ పోవడమే పూడ్చడం. అయితే గుట్ట ఎంత ఎత్తుండేదో అతనికి తెలియదు. చిన్నప్పుడు ఎక్కినవాడికి ఎక్కడమే గుర్తుంటుంది. తల్లినడగడానికి మాటల్లేవు. భార్యతో అడిగించాడు. బియ్యం ఏరుకుంటూ రాఘవమ్మ గారు చెప్పిందట, మీ మామ పైకెక్కి కేకేస్తే బావి దగ్గరున్న నాకు మాట తెలిసేది, మొహం తెలిసేది కాదు అని. ఆ కొలత పట్టుకుని నన్ను మునేరు కట్ట మీద నిలబెట్టి, తను దూరంగా నడిచిపోయి కేకలేసి చూశాడు. కొడుకు అంత కష్టపడి తెలుసుకున్నది, తల్లితో ఒక్క మాటకు తేలిపోయేది.

గుట్ట వచ్చింది. బావి వచ్చింది. సమాధి దగ్గరే చిక్కు పడింది. అది యుద్ధం ఆట. దానిలో ఉన్న కట్టడాలన్నీ యుద్ధానివి. వెతికి వెతికి, సైనికులు దాక్కునే చిన్న కాంక్రీటు గది ఒకటి పట్టుకుని, దాన్ని కుదించి, తుపాకీ కన్నాన్ని దీపపుగూడుగా మార్చి, తెల్లగా సున్నం రంగు వేశాడు. అడుగున ఎర్రమట్టి చారలు కూడా దిద్దాడు. తన విమానానికి తుపాకులు తీసేశాడు. అమ్మను ఎక్కించుకునే విమానానికి అవెందుకన్నాడు.

ఇంకొక సంగతి ఉంది. ఆ ఆటలో ఏ కట్టడం పెట్టినా అది ఎవరిదో రాయాలి. మన పక్షందా, శత్రువుదా, ఎవరిదీ కాదా. మూడిట్లో ఒకటి. ఆ గడి దగ్గర సతీష్ చాలాసేపు ఆగిపోయాడు. ఎవరిదీ కాదు అని పెట్టమని, ఆ ఆటవాళ్ళు నెట్‌లో మాట్లాడుకునే ఫోరంలో ఎవరో రాసిన సలహా నేను చదివి వినిపించా కూడా. అతను మన పక్షం అని రాశాడు. రెండు పక్షాలూ లేనిదే ఆట మొదలవదు కాబట్టి శత్రువుల స్థావరాన్ని కృష్ణకు అవతల, చాలా దూరంలో పెట్టాడు. పరీక్ష కోసం మేము ఎగిరినప్పుడల్లా తిన్నగా వెళ్ళి, సమాధి చూసి, ఆపేసేవాళ్ళం. ఎవరూ వచ్చేవాళ్ళు కాదు.

ఇలా గుట్టచెక్కను కట్టాడని కోడలు రాఘవమ్మ గారికి చెప్పింది. మూడో రోజు, ఆయన తిథి నాడు వస్తానని కబురు చేసింది.

ఆ పొద్దున సతీష్ సెంటర్ షట్టర్ సగం దించాడు. ఆమె తలస్నానం చేసి, తన పొయ్యి మీద వండినవి క్యారియర్లో పట్టుకుని వచ్చింది. గారెలు, గోంగూర మాంసం, అన్నం. కీబోర్డు పక్కకు జరిపించి, స్క్రీను ముందు విస్తరాకు వేసి వడ్డించింది. ఎవరి వంకా చూడలేదు. సతీష్ ఆట తెరిచాడు.

విమానం నందిగామ మీద లేచింది. ఆమెకు చూపు కొంచెం తగ్గింది, ముందుకు వంగి చూస్తోంది. తిన్నగా పోవద్దంది. బస్సు వెళ్ళే దారినే పొమ్మంది. మాట కొడుకుతోనే అంది, ఆరేళ్ళ తరవాత, తెలియకుండానే. సతీష్ హైవే పట్టుకుని పోయాడు. పాలేరు వంతెన రాగానే ఆమె దణ్ణం పెట్టింది. చిల్లకల్లు దాటింది. జగ్గయ్యపేట దాటింది. ఆమె ఎక్కడ తిప్పమంటే అక్కడ తిప్పాడు. గుట్ట కనబడింది.

రాఘవమ్మ గారు పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "బావి గట్టు కూడా పెట్టావే," అంది.

సమాధి ఎండలో తెల్లగా ఉంది. మూడు చుట్లు తిప్పమంది. ఆ విమానం అంత నెమ్మదిగా తిరగడానికే అతను అన్ని నెలలు కష్టపడ్డాడు. మొదటి చుట్టు, రెండో చుట్టు. ఆమె పెదవులు కదులుతున్నాయి. మూడో చుట్టులో, కృష్ణ వైపు ఆకాశంలో, నల్లగా నాలుగు చుక్కలు కనబడ్డాయి.

"కాకులు కూడా పెట్టావురా," అంది. ఆ గొంతులో ఉన్న సంతోషం నేనెన్నడూ వినలేదు.

సతీష్‌కు అర్థమైంది, అవి శత్రువుల విమానాలు; ఇంతసేపు మేమెప్పుడూ ఎగరలేదు. ఒక్క మీట నొక్కితే ఆట ఆగిపోయేది. నొక్కలేదు. తుపాకుల్లేని ఆ విమానాన్ని తిప్పి వాటికి ఎదురుగా పోనిచ్చాడు. అవి అతన్ని పట్టించుకోకుండా పక్కనుంచి దిగిపోయాయి. తిరిగి చూసేసరికి గుట్టచెక్కలో నల్లటి పొగ. పొగ పోయాక అక్కడ మట్టి మచ్చ. ఆటలో దేన్ని కొడితే దాని చోట వచ్చే మచ్చే అది. ఊరూ పేరూ లేని మచ్చ.

 ఆకులో అన్నం పొగలు కక్కడం మానేసింది.

"అప్పుడు సైరనన్నా వేసారు," అంది రాఘవమ్మ గారు.

సతీష్ కుర్చీలోంచి దిగి ఆమె కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. "నాదే తప్పమ్మా. ఎవరిదీ కాదని రాస్తే వాళ్ళు కొట్టరు. మనదని రాసా. నాన్నది ఎవరిదీ కాదని రాయటానికి చెయ్యి రాలేదు."

ఆమె అతని తల వైపు చూసింది. కోపం లేదు. కోపమే ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

"సంతకానికి వచ్చిందిగా," అంది. ఆకు వైపు తిరిగి, "అట్టాగే రాయి. అదేగా నిజం," అంది.

అన్నమంతా తిరిగి క్యారియర్లో పెట్టుకుని, ఆకు మడిచి వెళ్ళిపోయింది. షట్టర్ కింద నుంచి వంగి వెళుతుంటే నేను పైకెత్తబోయాను. వద్దంది.

మధ్యాహ్నం సతీష్ ఆ ఫైలు తెరిచి, సమాధి పక్క గడిలో ఎవరిదీ కాదు అని రాశాడు. తరవాత విమానాలు వచ్చాయి, దాని మీదుగా పోయాయి, ఒక్కటీ దిగలేదు. అతను సాయంత్రం దాకా వాటిని రప్పించి చూస్తూనే ఉన్నాడు. నేను ఇంటికి పోయాను. ఇంతకంటే చదివిపెట్టడానికి నాకు ఏం మిగిలింది?

ఆ రాత్రి నుంచి రాఘవమ్మ గారు కొడుకు పొయ్యి మీద అన్నం తినడం మొదలుపెట్టింది. తన కిరసనాయిలు పొయ్యిని పాతసామాన్లవాడికి ఇచ్చేసింది. మీ ఆయనకు చెప్పు అనడం మానేసింది. సతీష్ కోరుకున్నది సరిగ్గా ఇదే. వారం పోయాక సెంటర్లో నాతో అన్నాడు, "తింటోంది. ఏం పెట్టినా తింటోంది. కూరలో ఉప్పు లేకపోయినా ఏమీ అనట్లా." అది చెప్పి స్క్రీను వైపు తిరిగాడు. స్క్రీను మీద ఏమీ లేదు.

మన ప్రాంతాన్ని అతను నెట్‌లో పెట్టనేలేదు. పెట్టమని పోలండువాడు రెండుసార్లు రాశాడు, జవాబు రాయమని నన్ను అడగలేదు. ఆట తీసేసి ఆ కంప్యూటర్ని రైల్వే రిజర్వేషన్లకు వాడుకున్నాడు. గేముల సతీష్ అనే పేరు మాత్రం పోలేదు. ఈ ఊళ్ళో పేర్లు అంత తేలిగ్గా పోవు.

మరుసటి ఏడు తిథి దగ్గరపడింది. సతీష్ రోజూ తల్లి ముందు అటూ ఇటూ తిరిగాడట, అడుగుతుందేమోనని. ఆమె అడగలేదు. ఆ రోజు భోజనాల దగ్గర భారతీదేవే ఉండబట్టలేక, "అత్తయ్యా, ఇవ్వాళ మావయ్య గారికి పెట్టాలి కదండీ," అంది.

"ఎక్కడ పెడతామే," అంది రాఘవమ్మ గారు, అన్నంలో మజ్జిగ పోసుకుని కలుపుకుంటూ.