ముక్కు మావయ్య తీర్పు

మా మేనమామ దేన్నీ కళ్లతో నమ్మడు, ముక్కుతో నమ్ముతాడు. సబ్బుల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు వాసనలు పరీక్షించి రిటైరయ్యాడు కానీ, ముక్కు మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉంది. ఏ వస్తువు చేతికిచ్చినా ముందు ముక్కు దగ్గరికి తీసుకెళ్లి, ఎడమ కన్ను మూసి, రెండు క్షణాలు ఈ లోకంలో లేకుండా పోతాడు. తిరిగొచ్చి తీర్పు చెప్తాడు. ఆ తీర్పు మీద అప్పీలు లేదు.

చిన్నప్పుడు నా మార్కుల కార్డు చేతికిస్తే చదవకుండా వాసన చూశాడు. ఈ ఏడంకె మీద సిరా కొత్తగా ఉంది, పొద్దున్నదాకా ఇది ఒకటై ఉంటుంది అని తేల్చాడు. మూడేళ్ల క్రితం నా భార్యకు ఉద్యోగం ఇస్తున్నట్టు ఉత్తరం వస్తే, దాన్నీ వదల్లేదు. మేనేజరు మంచివాడే, కాస్త నిద్రపోతు అన్నాడు. ఆరు నెలలు అక్కడ పనిచేశాక ఆవిడ ఆ మాట అక్షరాలా ఒప్పుకుంది.

అలాంటి మనిషి కిందటి వానాకాలం మా ఇంటికి వచ్చేసరికి, ఇంట్లో ఒక వాసన కాపురం పెట్టి ఉంది. నీళ్లు మార్చడం మరిచిపోయిన పూలకూజాలాంటి వాసన. తడిగా, పుల్లగా, వంటింట్లోంచి బయల్దేరి పక్కగది గుమ్మం దాకా వచ్చి నిలబడేది. ఆ పక్కగది అమ్మది. మోకాలి ఆపరేషనయ్యాక ఆ నెలలోనే మా దగ్గరికి వచ్చింది. గదినిండా నూనెలూ, పూతమందులూ.

ఎవరం ఏమీ అనలేదు. నేను రోజూ సాయంత్రం కిటికీ తెరిచేవాణ్ణి, అంతే. కిటికీ తెరిస్తే గాలికి తప్ప ఎవరికీ తెలియదనుకున్నాను. అమ్మకు తెలిసింది. రోజుకు రెండు స్నానాలు మొదలుపెట్టింది. తలుపు మూసుకుంది. భోజనం గదిలోకే తెప్పించుకుంది. చివరికి మోకాలు కుదుటపడకముందే బట్టలు సంచిలో సర్దుకుని, వచ్చి తీసుకెళ్లమని తన తమ్ముడికి, అంటే మావయ్యకే, ఫోన్ చేసింది.

మావయ్య వచ్చి సంచి చూశాడు. అమ్మ చేతులు పట్టుకుని కాసేపు కూర్చున్నాడు. గుమ్మం బయట నేను విన్నాను.

"నా దగ్గర వాసనొస్తోందిరా. పాపం, పిల్లలు చెప్పలేకపోతున్నారు."

మావయ్య లేచాడు. వంటింటి మధ్యలో నిలబడి ఎడమ కన్ను మూశాడు. కర్టెన్ వాసన చూశాడు, ఫ్రిజ్ వాసన చూశాడు, నన్ను చూసి "వీడు కాదు, వీడిది ఒట్టి బద్ధకం" అని కొట్టిపారేశాడు. చివరికి గిన్నెలు కడిగే మెషీను ముందు ఆగి, తలుపు తెరిచి, తల లోపల పెట్టాడు.

"దొంగ దొరికాడు."

నా భార్య నమ్మలేదు. "అది రోజూ సబ్బుతో, వేణ్ణీళ్లతో కడిగేదే కదా బాబాయిగారూ, దానికి వాసనేంటి?"

"అది అన్నిట్నీ కడుగుతుందమ్మాయ్. దాన్నెవరు కడిగారు?"

మెషీను కొని రెండేళ్లయింది. కడిగేది ఎప్పుడూ శుభ్రంగానే ఉంటుందని మా నమ్మకం. మావయ్య కింది అర బయటికి లాగి, అడుగున చెయ్యి పెట్టి, గుండ్రటి జల్లెడను తిప్పి పైకి తీశాడు. మా రెండేళ్ల భోజనాలు దాంతోపాటు లేచొచ్చాయి. జిడ్డు, నిమ్మగింజలు, నేనే పారేశానని నా భార్య ఏడాదిగా దెప్పుతున్న చిన్న చెంచా. ఆ తర్వాత ఎవరి ముక్కు సాయమూ అక్కర్లేకపోయింది.

గుమ్మంలో అమ్మ నిలబడి ఉంది. "అదేనా?"

"అదే. నువ్వు కాదక్కా."

ఇక ఆ పూటంతా మావయ్య పెద్ద డాక్టరు, మేం నర్సులం. జల్లెడను పాత టూత్‌బ్రష్‌తో వేణ్ణీళ్ల కింద రుద్దాను. తలుపు చుట్టూ ఉన్న రబ్బరు మడతల్లోని నల్లటి చారను నా భార్య తుడిచింది. నీళ్లు చిమ్మే రెక్క చిల్లుల్లోంచి గింజలు సూదితో తీశాం. పై అరలో కప్పు వెనిగర్ పెట్టి, ఖాళీ మెషీను బాగా వేడినీళ్లతో తిప్పాం. అదయ్యాక అడుగున గుప్పెడు వంటసోడా చల్లి ఇంకోసారి. వెనిగర్‌తో బ్లీచింగ్ మాత్రం కలపొద్దనీ, ఆ గాలి పీలిస్తే వాసనతో పాటు మనమూ పోతామనీ హెచ్చరించాడు. పనయ్యాక తలుపు ఓరగా ఉంచాలట, దానికీ ఊపిరాడాలి కదా.

తలుపు తీస్తే తెల్లటి ఆవిరి వచ్చింది. దాని వెనక ఏమీ రాలేదు. ఏమీ లేకపోవడం ఇంత తియ్యగా ఉంటుందని నాకప్పుడే తెలిసింది. అమ్మ పొయ్యి మీద పాలు పెట్టి, సంచిలోని బట్టలు తిరిగి అలమరలో సర్దడానికి వెళ్లింది.

చెత్త పారేసి వచ్చేసరికి వంటిల్లంతా పొగ. పాలు పొంగి, ఇంకి, గిన్నె నల్లబడింది. పొయ్యికి రెండడుగుల దూరంలో మావయ్య, పేపర్లో ముక్కు పెట్టుకుని, ధ్యానంలో ఉన్నట్టు కూర్చుని ఉన్నాడు.

పొయ్యి ఆపాను. మావయ్య గిన్నెను చూశాడు, నన్ను చూశాడు.

"ఎన్నాళ్లైంది మావయ్యా?"

"నాలుగేళ్లు. జ్వరంలో పోయింది. ఊరంతా ముక్కు మావయ్య అంటుంటే, పోయిందని చెప్పడానికి మొహమాటమేసిందిరా."

"మరి మా ఆవిడ ఉద్యోగం ఉత్తరం?"

"కింద సంతకం చూశాను. సగంలో కునుకు తీసినట్టుంది."

"మరి మెషీను?"

"తెలీదు. మీ అమ్మ చేతులు చూశాను. రుద్ది రుద్ది వేళ్ల చివర్లు పగిలిపోయాయి. నేరం ఎవరో ఒకరి మీద వెయ్యాలి. నీ మీద వేస్తే అలుగుతావు. మెషీనైతే ఏమీ అనుకోదు. అది నిజంగానే దొంగ కావడం నా అదృష్టం," అన్నాడు.

ఆ రోజు నుంచి ఆయన ముక్కు ఉద్యోగం నాకొచ్చింది. కడిగిన గ్లాసు అందుకుని మావయ్య ఎడమ కన్ను మూస్తాడు. కుడి కన్ను నా మీద ఉంటుంది. బాగుంటే నేను చెవి గోక్కోవాలి.

ఆ సాయంత్రమే అమ్మ తన శాలువా తెచ్చి ఆయన ఒళ్లో పెట్టింది. "ఇది కూడా చూడరా తమ్ముడూ. నిజం చెప్పు."

నేను చెవి దగ్గరికి చెయ్యి పోనిచ్చాను. మావయ్య కన్ను మూయలేదు, నా వైపు చూడనూ లేదు. శాలువా మొహానికి ఆనించుకుని, తీరిగ్గా, గుండె నిండా పీల్చాడు.

"బాగుందక్కా."

ఆ తీర్పు మీద అప్పీలు లేదు.