ఇంకొక్క గాస్కెట్

మాది కర్ణాటకలో చింతామణి దగ్గర కెంచార్లహళ్ళి. మా ఆయన పాత టెంపోలో ఊరివాళ్ళ టమోటాలు మార్కెట్టుకు తోలేవారు. ఆ బండి మీదే మా ఇల్లు గడిచేది. పోయిన ఎండాకాలంలో ఇంజన్ మాటిమాటికీ వేడెక్కి ఆగిపోతుంటే, మెకానిక్ నారాయణప్ప, ఇంజన్ పైభాగమైన హెడ్ కింద లీకు కాకుండా వేసే పలుచని రేకు, హెడ్ గాస్కెట్, కాలిపోయిందని చెప్పి కొత్తది వేశాడు. అంచులకు సీలెంట్ పూసి బోల్టులు బిగించి, "ఇంగ భయం లేదప్పా" అన్నాడు.

మరునాడు టమోటాల లోడుతో నేనూ బయల్దేరాను. సగం దారిలో తెల్లటి పొగ కమ్మింది. మా ఆయన బండి ఆపి, తడి గోనెపట్ట వేసి రేడియేటర్ మూత తిప్పారు. మరిగే నీళ్ళు ఎగజిమ్మి ఆయన చేతుల మీద, మెడ మీద పడ్డాయి. ఆయన రోడ్డు మీదే కూలబడ్డారు. అటుగా వచ్చిన ఆటోవాళ్ళే మమ్మల్ని ఆసుపత్రికి చేర్చారు.

ఆసుపత్రి నుంచి ఇంటికి పంపించాక, చేతులకు కట్లతోనే ఆయన నారాయణప్ప షెడ్డుకు వెళ్దామన్నారు. నారాయణప్ప అప్పటికే బండిని అక్కడికి లాగించుకొచ్చి ఇంజన్ విప్పి పెట్టాడు.

"హెడ్డే పగిలిపోయుండాదమ్మా. ఎన్ని గాస్కెట్లు మార్చినా నిలవదు."

"వేరే హెడ్ దొరకదా అప్పా?" అని అడిగాను.

"బాగేపల్లిలో, చిక్కబళ్ళాపురంలో విచారించినా. ఈ బండివి యాడా రావడం లేదు."

మా ఆయన ఇంజన్ మీదికి వంగి ఆ పగులు చూశారు. తర్వాత మెల్లగా, "ఇంకొక్క గాస్కెట్ ఏసి చూస్తామా?" అన్నారు. నారాయణప్ప విప్పిన బోల్టులు ఏరి డబ్బాలో వేయసాగాడు.

గాయాలు మానాయి. ఆయన ఇప్పుడు వేరేవాళ్ళ బండికి డ్రైవరు. నాకు మాత్రం ఆ పొగకన్నా, ఆయన అడిగిన ఆ ప్రశ్నే గుర్తుంది.