దొరకు సైకిలు పక్కన పరుగు నేర్పిన వైనం

చిత్తూరు నుంచి పూతలపట్టు పోయే రోడ్డు మీద, పట్టపగలు, బస్సుల కిటికీల నిండా జనం చూస్తుండగా నా పరువు ఎలా పోయిందో చెబుతాను. పోగొట్టుకునేంత పరువు అప్పటికి నాకు ఉండిందా అని అడక్కండి. ఉన్న కాస్తా ఆ రోజే పోయింది.

అప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు. బెల్‌బాటం ప్యాంటు తొడుక్కున్నవాడికి లోకంలో తెలియని విషయమంటూ ఉండదని గట్టిగా నమ్మే వయసు. అక్కావాళ్ళింట్లో ఉంటూ కాలేజీకి రెండు మైళ్ళు నడిచి పోయేవాణ్ణి. బావకు ఉద్యోగం నాయుడుపేటలో. అప్పుడప్పుడూ వచ్చి పోయేవాడు. ఆయన ఇంట్లో వదిలిపెట్టిన ఆస్తులు రెండు: డైనమో దీపమున్న ఆకుపచ్చ సైకిలు, దొర అనే కుక్క.

దొర తండ్రిది సీమజాతి అని బావ చెప్పేవాడు. తల్లి మటన్ అంగడి ముందర పడుకునేదని వీధంతా చెప్పేది. ఎవరి పోలిక వచ్చిందో గానీ, ఒళ్ళు మాత్రం పరుపుచుట్టలా పెరిగింది. వాకిట్లోంచి వంటింటికి పోవాలంటే మధ్యలో ఒకసారి కూర్చుని పోయేది.

ఆ ఏడు బావ స్కూటరుకు పేరు రాయించుకున్నాడు. వచ్చే నెల బండి చేతికొస్తుందని ఉత్తరం వచ్చింది. మరి సైకిలు ఎవరికి? నాకా, నాయుడుపేటలో బావతో ఉంటున్న ఆయన తమ్ముడికా? నాకు రాత్రీ పగలూ ఇదే ధ్యాస. ఆ వారం ఇంటికొచ్చినప్పుడు బావ తీర్పు చెప్పేశాడు.

"దొరను సూస్తివా, ఎంత లావైపోయినాదో! దానికి సైకిలు పక్కన పరిగెత్తేది నేర్పు. వచ్చే నెల వచ్చి సూస్తా. దెబ్బ తగలకుండా పరిగెత్తినాదంటే సైకిలు నీది. లేదంటే మా తమ్మునిది."

"పది దినాలు సాలు బావా."

"దాని కాలు సక్రంలో పడిందంటే మాత్రం, నీ కాలు నేను ఇరగ్గొడతా."

మొదటి రోజు తాడు ఒక కొస దొర మెడకు, రెండో కొస హ్యాండిలుకు కట్టాను. ఇంతకంటే తెలివైన పద్ధతి మానవజాతికి తట్టి ఉండదనిపించింది. కరెంటు స్తంభానికి ఆ పక్క దొర పోయింది, ఈ పక్క నేను పోయాను. తాడు స్తంభం దగ్గర ఆగింది. దొర కూడా ఆగి కూర్చుంది. నేను ఒక్కణ్ణే ఆగలేదు. సైకిలు మీంచి లేచి, తోటకూర అమ్మే ఆమె గంపలో దిగాను.

"కొనేదుంటే నిలబడి కొనల్లప్పా, పైన పడి కొంటారా యాడైనా?" అందామె.

తాడు పని చేయదని తేలింది. బిస్కెట్టు చూపిస్తే దొర మొహం తిప్పుకుంది. కానీ రాగిసంగటి అంటే దానికి ప్రాణం. పొద్దున్నే అక్క కెలికిన సంగటిలో ఒక ముద్ద అల్యూమినియం క్యారియర్లో పెట్టి, హ్యాండిలుకు ఎడమ పక్క తగిలించాను. కుడి పక్క లారీలు పోతాయి కదా, కుక్క ఎడమ పక్కే ఉండాలి. ముందుకు దూకితే సంగటి లేదు. వెనకబడితే లేదు. పెడలుకు జానెడు ఎడంగా, నాతో సమంగా వస్తే ఫర్లాంగుకొక ఉండ, గోలీకాయంత.

పది రోజులు గడిచేసరికి దొర నడుము కనిపించింది. ఇరవై రోజులకు, తల పైకెత్తి, తడి కళ్ళతో నావైపే చూస్తూ గుర్రంలా పరిగెత్తసాగింది. ఇది గురుభక్తి అనుకున్నాను. కరిగిపోయి ఒక ఉండ ఎక్కువే పెట్టాను కూడా. అసలు సంగతేమిటో మీకు ఈపాటికి తెలిసిపోయే ఉంటుంది. మీరు బెల్‌బాటం వేసుకుని లేరు మరి.

పరీక్ష రోజు రానే వచ్చింది. బావ కాఫీ గ్లాసుతో అరుగు మీద కూర్చున్నాడు. నేను సైకిలు తుడిచి బయటికి తెచ్చాను. అక్క వెనకే వచ్చింది.

"రేయ్, క్యారియర్ మరిసిపోయినావు."

"మరిసేది ఏముండాదక్కా! సదువుకున్న కుక్కకు లంచమెందుకు? మనిషిని సూసి వస్తాది."

"మనిషి యాడుండాడురా?"

నేను పట్టించుకోలేదు. బెల్లు కొట్టి "దొరా, పద!" అన్నాను. దొర నన్ను చూసింది. హ్యాండిలును చూసింది. కలెక్టరు అర్జీని పక్కన పడేసినట్టు తల తిప్పుకుని పడుకుంది.

"ఏమిరా, దొరవారికి తీరిక లేదా?" అన్నాడు బావ.

"యేడెక్కల్ల బావా. ఇంజను మాదిరి."

అది మామిడికాయల కాలం. ఊరి బయట పూతలపట్టు రోడ్డులో ఉన్న పళ్ళ రసం ఫ్యాక్టరీకి పొద్దున పూట మనుషులు మా వీధి మీదుగానే సైకిళ్ళ మీద పోతారు. అందరి హ్యాండిళ్ళకూ మధ్యాహ్నం తిండి క్యారియర్లు వేలాడుతుంటాయి. ఆ రోజు అందరికంటే ముందు వచ్చినాయన పేరు మునస్వామి అని నాకు తర్వాత తెలిసింది. క్యారియర్ ఎడమ పక్కే తగిలించుకున్నాడు.

దొర లేచింది. అంత వేగంగా అది లేవడం నేను పుట్టాక చూడలేదు. ఉరికి, మునస్వామి పెడలుకు జానెడు ఎడంగా చేరి, తల పైకెత్తి, తడి కళ్ళతో ఆయనవైపే చూస్తూ సాగిపోయింది. అదే గురుభక్తి.

"సూసినావా బావా! పరిగెత్తతా ఉండాది!" అని గంతులేశాను.

"పరిగెత్తతా ఉండాది, సరే. ఎవుని సైకిలు పక్కన?"

నేను సైకిలు ఎక్కాను. రెండు తొక్కులు తొక్కేసరికి బెల్‌బాటం అంచును చైను నమిలేసింది. సైకిలుతో సహా పడ్డాను. బావ పరిగెత్తుకొచ్చి ప్యాంటును మోకాలి దాకా పర్రున చించి, సైకిలు లాక్కుని ఎక్కాడు.

"నేను యెనక కూసుంటా బావా."

"నిన్ను మోసేదా, కుక్కను పట్టేదా? పరిగెత్తు!"

పరిగెత్తాను. చిరిగిన ప్యాంటు గుడ్డ వెనకాల జెండాలా ఎగురుతోంది. ఎదురుగా లారీలు. బావ తొక్కుతూనే నావైపు తిరిగి అరుస్తున్నాడు.

"ఎడం పక్కకు రా! లారీ వస్తా ఉండాది! ముందర పడొద్దు, సక్రం కింద పోతావు! ఆఁ, అట్ల! సమంగా రా!"

పక్కనుంచి పోతున్న బస్సు కిటికీలోంచి ఎవరో తల బయటపెట్టి అడిగారు: "బాగా వస్తాడే! ఎన్ని దినాలైనాదప్పా నేర్పబట్టి?"

రెండు మైళ్ళ తర్వాత ఫ్యాక్టరీ గేటు కనిపించింది. మునస్వామి క్యారియర్ విప్పి దొరకు ముద్ద పెడుతున్నాడు.

"మీ కుక్కేనా సామీ? ఇంత దూరం నాతోనే వచ్చినాది. ఒక్క లారీకి బెదరలా, ఒక్కసారి అడ్డం పడలా. నేర్పినోడు ఎవుడో గానీ మొనగాడు!"

ఆ మొనగాణ్ణి నేనే అని చెప్పబోయాను. నోట్లోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. చెయ్యెత్తి నన్ను నేనే చూపించుకున్నాను.

బావ దొర కాళ్ళు నాలుగూ తడిమి చూశాడు. గీత కూడా పడలేదు. "మాట తప్పేవాణ్ణి కాదురా నేను. కుక్క సరిగ్గానే పరిగెత్తినాది," అన్నాడు. ఆకుపచ్చ సైకిలు మీద నేను కాలేజీ గేట్లోకి పోతున్నట్టు కళ్ళముందు కనబడింది.

బావ నన్ను కూడా పైనుంచి కింద దాకా చూశాడు.

"నువ్వూ రెండు మైళ్ళు వస్తివి కదరా. ఎడం పక్క తప్పలా, ముందుకు దూకలా. సంగటి కూడా అడగలా. ఇంత బాగా పరిగెత్తేవానికి సైకిలెందుకు?"

మరుసటి వారం సైకిలు బస్సు టాపు ఎక్కి నాయుడుపేట పోయింది. నేను కాలేజీకి నడిచే పోయాను.

అందుచేత, ఫ్యాక్టరీ గేటు సాక్షిగా, చిరిగిన బెల్‌బాటం సాక్షిగా, ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఏ ప్రాణి నావైపు తడి కళ్ళతో, ప్రేమగా చూసినా, అది కుక్క కానీ, రేపు పెళ్ళిచూపుల్లో కాబోయే మామగారు కానీ, కరిగిపోయే ముందు నా చేతికి ఏం వేలాడుతోందో ఒకసారి చూసుకుంటాను.