తెర వెనుక మాట

మా కతోలిక గుడిలో, ఫాదర్‌కు పాపాలు చెప్పుకునే పాపసంకీర్తన పెట్టెకు కొత్త తెర కట్టారు. గంజి పెట్టిన గుడ్డ వాసన తగలగానే వెనక్కి వచ్చి మెట్ల మీద కూర్చున్నాను. ఎవరైనా అడిగితే మోకాళ్ల నొప్పులంటాను. నిజానికి దేవయ్య సారు గుర్తొచ్చాడు.

ఆదిలాబాద్ జిల్లాలో బొగ్గుబావుల పక్కన మా కాలనీ. దేవయ్య సారు మా గుడి ఉపదేశి. ఫాదర్ రాని ఆదివారాల్లో జపాలు చెప్పించేవాడు. తల్లీదండ్రీ లేని నన్ను చదివించి మిషన్ బడిలో పంతులమ్మను చేసింది ఆయనే. ఎన్నికల ముందు ఫాదర్ రాసిన ఉత్తరాన్ని పూజ తర్వాత ఆయనే చదివాడు. ఎర్రజెండా వాళ్లకు ఓటు వేయడం పాపమట, వేసినవారికి పూజలో ఫాదర్ నోట పెట్టే అప్పం, సత్ప్రసాదం లేదట. ఇంటికి వస్తూ అడిగాను, "నిజంగ పాపమేనా సారు?"

"చదువుమన్నరు, చదివిన. పాపసంకీర్తనానికి పోయే ముందు నీ మనసును నువ్వే అడుగుతవు గద బిడ్డా. గిప్పుడు గూడ గట్లనే అడుగు."

అప్పట్లో ఓటు వేసేచోట, గంజి వాసన కొట్టే తెర వెనుక, ఒక్కో అభ్యర్థికి గుర్తు అంటించిన ఒక్కో పెట్టె ఉండేది. చీటీ అందులో వేయాలి. వరుసలో నాకూ సారుకూ ముందు మా గుడికే వచ్చే ముసలి మరియమ్మ. ఆమె కొడుకు బావిలో చనిపోతే శవాన్ని పైకి మోసుకొచ్చింది ఎర్రజెండా యూనియన్ వాళ్లే. తెరనూ పెట్టెలనూ చూసి ఏమనుకుందో, లోపల మోకరించి పాపసంకీర్తనం పైకే మొదలుపెట్టింది.

"స్వామీ, నేను పాపిని. ఫాదర్ వద్దన్న గుర్తుకే ఏస్తున్న. నా కొడుకును మోసిండ్రు వాళ్లు. క్షమించుండ్రి."

నాకు నవ్వొచ్చింది. సారు తల దించుకున్నాడు.

కబురు సగం సగంగా ఫాదర్‌కు చేరింది. మా ఇద్దరినీ పిలిచి ఆమె ఏమందో చెప్పమన్నాడు.

"ఆమె దేవునికి చెప్పుకుంది ఫాదర్, మాకు గాదు. నేను చెప్పరాదు," అన్నాడు సారు.

ఫాదర్ నా వైపు చూశాడు. ఉద్యోగం పోతుందని భయపడ్డాను. అంతా చెప్పేశాను.

ఆదివారం సత్ప్రసాదానికి మోకరించిన వరుసలో ఫాదర్ మరియమ్మను దాటి పక్కనున్న సారు దగ్గరికి వచ్చాడు. సారు నోరు తెరవలేదు. లేచి, ఆమె చెయ్యి పట్టుకుని బయటికి నడిపించుకుపోయాడు. నెల తిరక్కుండా ఆయన ఉపదేశి పని పోయింది. ఆ వయసులో బొగ్గుబావి మీద, లోపలికి దిగేవాళ్ల దీపాలు తుడిచే పనికి కుదిరాడు. నా ఉద్యోగం మాత్రం నిక్షేపంగా ఉంది.

నన్ను ఒక్క మాట అనలేదాయన. తిట్టినా బాగుండేది. చాలా ఏళ్లకు, ఆయన మంచాన పడ్డాక, వెళ్లి క్షమించమని ఏడ్చాను.

"నన్నెందుకు అడుగుతున్నవ్ బిడ్డా? మరియమ్మను అడిగినవా?"

మరియమ్మ అప్పటికే పోయింది. చివరిదాకా పూజ వేళకు వచ్చి గుడి గోడ బయటే నిలబడేది. ఆమె ఇల్లు మా బడి దారిలోనే. రోజూ రెండుసార్లు ఆ గుమ్మం ముందు నుంచే నడిచాను. ఒక్కసారీ ఆగలేదు.