సరిగ్గా అరవై

మొన్న గురువారం తెనాలి నుంచి టెలిగ్రాం వచ్చింది. మా లెక్కల మాస్టారు పోయారు. నేను చేరేసరికి అంతా అయిపోయింది.

బాపట్లలో ఒక చిన్న కాలేజీలో ఆయన దగ్గర చదివి, తర్వాత అక్కడే ఆయన కింద పనిచేశాను. కంప్యూటరుని మా ఇద్దరిలో ఎవరమూ కళ్ళతో చూడలేదు. ఆయన పుస్తకం తెప్పించుకుని ఫోర్ట్రాన్ అనే కంప్యూటరు భాష నేర్చుకుని, నల్లబల్ల మీద మాకు చెప్పేవారు. సుద్దముక్క అరిగి గోటికి తగిలేదాకా పారేసేవారు కాదు. మేం కాగితాల మీద రాసిన ప్రోగ్రాం మద్రాసు వెళ్ళి, అట్టకార్డుల మీద చిల్లులై, వారం పోయాక జవాబుతో తిరిగొచ్చేది. "దానికి ఇంగితం లేదురా. నువ్వెలా పోల్చమంటే అలాగే పోలుస్తుంది" అనేవారు.

ఒక ఏడాది ఉచిత సీట్ల జాబితా అలా తీద్దామన్నారు. అరవై మార్కులు, ఆపైన వచ్చినవాళ్ళకి సీటు. 'ఎక్కువ లేదా సమానం' అని రాయాల్సిన చోట నేను ఉత్త 'ఎక్కువ' రాశాను. ఫోర్ట్రాన్‌లో జి.ఇ. బదులు జి.టి. ఒక్క అక్షరం తేడా. దిద్దమని ఇస్తే, "నువ్వు రాశాక ఇంక నేను చూసేదేంటిరా" అని సంతకం పెట్టేశారు.

రేపల్లె అమ్మాయి ఒకతెకి సరిగ్గా అరవై వచ్చాయి. సంగతి బయటపడేసరికి సీట్లు నిండిపోయాయి. మాస్టారు ప్రిన్సిపాలుగారి గదికి మూడుసార్లు వెళ్ళి, మూడుసార్లూ ఉత్త చేతులతో వచ్చారు.

ఆదివారం నన్ను వెంటబెట్టుకుని రేపల్లె వెళ్ళారు. ఆ అమ్మాయి మంచినీళ్ళిచ్చి తలుపు పక్కన నిలబడింది. "తప్పు నాదండి. నేనే రాశాను" అన్నారు మాస్టారు, ఆ అమ్మాయి తండ్రితో. నేను నోరు తెరవబోతే నా మోకాలి మీద చెయ్యి వేసి నొక్కారు.

"పోనీలెండి మాస్టారూ, ఏం చేస్తాం" అన్నాడాయన. ఆ పిల్ల చదువు అక్కడితో ఆగింది.

మొన్న తెనాలికి ఆ తండ్రి కూడా వచ్చాడు. "ఆ ఒక్క పొరపాటుకి ఏటా మా ఇంటికొచ్చి అమ్మాయిని చూసిపోయేవారండి" అని కళ్ళు తుడుచుకున్నాడు. పొరపాటు నాదని చెప్పాలి. ఆయన పక్కనే నిలబడి కూడా చెప్పలేకపోయాను. సిగ్గుగా ఉంది. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ఆ ఆదివారం తిరుగు రైల్లో మాస్టారు జేబులోంచి ఆ తప్పు పడ్డ అట్టకార్డు తీసి కిటికీకి ఎదురుగా పట్టుకున్నారు. "ఎక్కడరా?" అన్నారు. నేను చూపించాను. ఆ అక్షరానికి రెండు చిల్లులు. వాటిలోంచి వరిచేలు పచ్చగా కదిలిపోతున్నాయి. ఆయన రెండు వేళ్ళతో రెండింటినీ మూసి, తెనాలి వచ్చేదాకా తియ్యలేదు.