మోటబావి దగ్గర మోరిస్ కారు

హుస్నాబాద్‌కు ఆ రోజుల్లో కార్లు రాకపోలేదు. అయితే సొంత కారున్న దర్జీ మాత్రం జిల్లా మొత్తం మీద మా కొమురెల్లి ఒక్కడే అయి ఉంటాడు.

పోలీసు చర్య తర్వాత ఒక దొర కుటుంబం పట్నం వెళ్లిపోతూ, కోటలాంటి తమ గడి వెనక కొట్టంలో కోళ్లు గుడ్లు పెడుతున్న పాత మోరిస్‌ను అతనికి ఇచ్చేసింది. దాని సీట్లకు తొడుగులు కుట్టింది అతనే. పని అయిపోయినా లేవకుండా అందులోనే కూర్చునేవాడట. ప్రేమతో ఇచ్చారో, పీడ విరగడైందని ఇచ్చారో నాకు తెలియదు. కుట్టుమిషన్ తొక్కేవాడికి కారేమిటని ఊరంతా నవ్వింది. వాళ్ల పక్కింట్లో ఉండే బడిపంతులును నేను, నేనూ నవ్వాను. ముందు సీట్లో కనకవ్వను చూశాక ఎవరికీ నవ్వు రాలేదు.

కనకవ్వ అతని భార్య. ఒక కాన్పులో బిడ్డ దక్కలేదు, ఆమెకు నడుము కింద సత్తువ పోయింది. ఎడ్లబండి ఎక్కిస్తే ఆ కుదుపులకు ప్రాణం పోయినంత నొప్పి. మోరిస్‌లో చుట్టూ దిండ్లు సర్ది కూర్చోబెడితే మాత్రం హుజూరాబాద్ దాకా కులాసాగా పోయి వచ్చేది. దారిలో కనిపించిన ప్రతి చేనూ ఎవరిదో అడిగేది. మొగుడికి తెలియకపోతే తిట్టేది. ఆమెకు ఒకటే కోరిక, ధర్మపురి పోయి గంగను చూడాలని. గోదావరిని మా వైపు గంగ అనే అంటారు.

ఒక చలికాలం బయల్దేరారు. కరీంనగర్ దాటాక ఇంజను పట్టేసింది. కారును లారీకి కట్టి ఈడ్చుకొచ్చారు. కనకవ్వ మళ్లీ గడప లోపలికి చేరింది, గంగ మాట మళ్లీ ఎత్తలేదు.

మెకానిక్ వచ్చి చూసి, తుక్కుకు వేసెయ్యమన్నాడు. కొమురెల్లి వినే రకమా? పది మందిని పిలిచి మోకులు వేసి ఇంజనును బయటికి లాగించాడు. ఒక్కో ముక్కకు ఒక్కో గుడ్డసంచి కుట్టాడు. ఊడదీసిన ప్రతి తీగకూ, అది ఉండే చోటికీ ఒకే రంగు దారం ముడి వేశాడు. వరంగల్ పోయి అరిగిన సిలిండర్లకు బోరు కొట్టించాడు, పట్నం పాతసామాను బజారులో పిస్టన్లు వెతికాడు. అడిగిన చోటల్లా కసిరించుకున్నాడు, మళ్లీ వెళ్లి అడిగాడు. పెళ్లిళ్ల కాలంలో రవికెలు ఆలస్యమై ఆడవాళ్లు వాకిట్లో నిలబడి తిట్టిపోస్తుంటే, లోపల అతను నూనె చేతులతో కవాటాలు అరగదీస్తుండేవాడు. ఇంట్లో గింజలు నిండుకున్నా కనకవ్వ అతన్ని తప్పు పట్టలేదు. మంచం మీద కూర్చుని సంచుల నోళ్లకు తాళ్లు ఎక్కించేది.

చివరికి ఇంజను కూర్పు అయింది. అసలు చిక్కు అప్పుడు వచ్చింది. బయటికి లాగేటప్పుడు అటూ ఇటూ తగిలినా పోయేదేమీ లేదు. లోపల పెట్టడం అట్లా కాదు, వేలెడు వేలెడు దించాలి. జారిపడితే పోత ఇనుము పగిలిపోతుంది. అటువంటిది మరొకటి కొమురెల్లికి ఈ జన్మలో దొరకదు, కనకవ్వ గడప దాటదు.

కనకవ్వ తమ్ముడు హనుమండ్లుకు రోడ్డు పక్కన చేనుంది, అందులో మోటబావి ఉంది. మోట ఎద్దులు ఏటవాలు దారిలో ముందుకు నడిస్తే బొక్కెన పైకి వస్తుంది. వెనక్కి అడుగులు వేస్తూ ఎక్కితే కిందికి దిగుతుంది. ఉపాయం ఆమెదే.

"తమ్మీ, బొక్కెనను దించినట్టే ఇనుమును దించరాదా?" అంది.

తెల్లారి బావి ఒడ్డున మూడు వాసాలు పాతి, మోట గిరకను వాటికి బిగించారు. కారును నెట్టుకొచ్చాం. కనకవ్వను మంచంతో సహా మోసుకొచ్చి గట్టు మీద దించాం. ఇంజనుకు తాడు కట్టారు. హనుమండ్లు రోజూ పాడే మోట పాట ఎత్తుకోగానే ఎద్దులు నడిచాయి, ఇంజను గాలిలోకి లేచింది. కారును దాని కిందికి నెట్టాం. కొమురెల్లి లోపలికి వంగి చెయ్యి ఎత్తాడు.

"ఇగ ఎవ్వలు సప్పుడు చెయ్యొద్దు. ఇనుముకు ఇనుము తాకుతె నాకు ఇనబడాలె. హనుమండ్లూ, పాట బంద్ చెయ్యి."

పాట ఆగింది. హనుమండ్లు ముకుతాళ్లు సవరించాడు. ఎద్దులు కదలలేదు. అదిలించాడు, వీపు మీద తట్టాడు. అవి మట్టిలో గిట్టలు దిగేసి నిలబడ్డాయి. ఒకటి బెదిరి ముందుకు గుంజితే ఇంజను కొమురెల్లి తల పక్కనుంచి ఊగింది. వాసం కిర్రుమంది.

"పాట లేకుంటె ఎన్కకు రావు బావా," అన్నాడు హనుమండ్లు. పాడబోయాడు. భయానికి పల్లవి తప్పింది. దగ్గు వచ్చింది.

అప్పుడు గట్టు మీద నుంచి కనకవ్వ ఎత్తుకుంది. అది వాళ్ల బాపు, అంటే నాన్న, మోట తోలుతూ పాడిన పాట. చిన్నప్పుడు ఆ బావి దగ్గరే నేర్చుకుంది. పుట్టింటికి వచ్చే బిడ్డను తొందరేం లేదు, మెల్లగా రా తల్లీ అని పిలిచే పాట. పక్కింట్లో ఇన్నేళ్లున్నా ఆమె పాడగా నేను వినలేదు. ఎద్దులు చెవులు నిక్కించాయి. ఒక అడుగు వెనక్కి వేశాయి. ఆమె రాగం సాగదీస్తే అవి ఆగాయి, మళ్లీ అందుకుంటే మళ్లీ అడుగు వేశాయి. కొమురెల్లి వేలితో సైగ చేస్తున్నాడు, ఆమె ఆ వేలినే చూస్తూ పాడుతోంది. బడిలో లోకం తీరంతా నాకే తెలిసినట్టు చెప్పే నేను నోరు తెరుచుకుని నిలబడ్డాను. పెద్ద బండ లాంటి ఆ ఇనుము, నడవలేని మనిషి గొంతును తాడులా పట్టుకుని దిగుతోంది.

లోపల ఎక్కడో మెత్తగా టక్కుమంది.

"కూసున్నది," అన్నాడు కొమురెల్లి. తల బయటికి తీయలేదు. చాలాసేపటి దాకా బోల్టులు బిగిస్తున్నట్టే వంగి ఉన్నాడు.

రంగు దారాల ముడులు కలుపుకుంటూ తీగలన్నీ బిగించాడు. హ్యాండిల్ వేసి తిప్పితే ఇంజను మొదట దగ్గింది, పొగ కక్కింది, తర్వాత నిలకడగా ఆడింది. ఆ ఆదివారమే ధర్మపురి బయల్దేరాం, వెనక సీట్లో నేను, హనుమండ్లు.

ఒడ్డు మీద కారు ఆపాడు. ఎదురుగా గంగ, ఈ చివర నుంచి ఆ చివర దాకా. కనకవ్వ చేతులు జోడించి అలాగే చూస్తూ ఉండిపోయింది. ఆమెను నీళ్ల దాకా ఎత్తుకుపోదామని కొమురెల్లి ఇంజను ఆపబోయాడు. ఆమె అతని చెయ్యి పట్టుకుంది.

"బంద్ చెయ్యకు," అంది. "గంగ ఏడికి పోదు. జరసేపు దీని సప్పుడు ఇననియ్యి."